పాడునేలలో పదుగురి తోట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగము)



గ్రామ గ్రంథాలయము స్థాపించుటకు ముఖ్యముగా కావలసినవి పుస్తకములని చూచువారు తలంతురు. ఇరువదియైదేండ్లు దానిని నడపినవారు అట్లు తలంపరు. పుస్తకములు విరాళముగా వచ్చును. బీరువా ఒక దాత చేయించి యిచ్చును. కాని ప్రతి సాయంకాలము తలుపు తీయువారెవరు? రాత్రి దీపమార్పి తాళము వేయువారెవరు? భవనము నిలిచిన స్థలము ఎవరి పేర నున్నది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు కుదిరినచోటనే గ్రంథాలయము రజతోత్సవము దాక బ్రతుకును. ఊరివారు కూలి కోరక, స్వచ్ఛందముగా కూడి పెంచు తోటకును ఇవియే ప్రశ్నలు. విత్తనములు దొరకుట యెన్నడును కష్టము కాలేదు. గ్రంథాలయమును ఆనుకొనియున్న ఖాళీ స్థలమున అట్టి తోట నొకటి వేయవలెనని యువకులు సంకల్పించియున్న యీ సమయమున, దూరదేశపు మహానగర మొకదానిలో ఇట్టి తోటలు ఎట్లు పుట్టినవో, ఎట్లు నిలిచినవో, కొన్ని ఎట్లు కూలినవో తెలిసికొనుట ప్రయోజనకరము.

పదుగురు కూడి కూరగాయలు పండించుట క్రొత్త విషయము కాదు. బ్రిటనులో 1908వ సంవత్సరపు చట్టము, సొంత భూమి లేనివారు కోరినచో కూరమళ్ళకు స్థలము చూపు బాధ్యతను స్థానిక సభలపై నుంచినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలో ‘విజయవనములు’ అను పేర ఇండ్ల పెరళ్ళలోను, బడుల ఆవరణలలోను లక్షల కొలది తోటలు వెలసినవి. 1945లో యుద్ధము ముగిసెను. తోటలలో అధికభాగము దానితోనే ముగిసెను. బోస్టను నగరమందలి ఫెన్‌వే తోట వంటివి కొన్ని మాత్రమే నేటికిని మిగిలియున్నవి. ప్రభుత్వపు పిలుపుపై పుట్టినవి పిలుపు ఆగగానే ఆగిపోవుట సహజమే. ఇప్పుడు చెప్పబోవునవి అట్లు పుట్టినవి కావు. వానిని ఎవరును పిలువలేదు. పైపెచ్చు మొదట వలదనిరి.

1970 దశకమున న్యూయార్కు నగరము మిక్కిలి దుర్దశలో నుండెను. కర్మాగారములు తరలిపోయెను. సంపన్నులు పొలిమేర గ్రామములకు వెడలిరి. పేదల పేటలలో ఇంటి యజమానులు పన్నులు కట్టజాలక, మరమ్మతులు చేయింపక ఇండ్లను విడిచిపెట్టిరి. అనేక గృహములు తగులబడెను. పన్నుబాకీ క్రింద నగరపాలక సంస్థ వానిని స్వాధీనము చేసికొని, కూలిపోవుచున్న గోడలను పడగొట్టించి, ఇటుకముక్కల కుప్పలను ఉన్నచోటనే వదలెను. 1975లో ఆ నగరము దివాలా అంచు దాక పోయెను. ఒక్కొక్క వీధిలో ఇండ్ల నడుమ ఊడిన పన్ను సందువలె ఖాళీ స్థలములు. వానిలో చిరిగిన పరుపులు, పగిలిన సీసాలు, ఎవరో విడిచిపోయిన కార్లు, ఎలుకలు. తెలుగు పల్లెలో పాడుపడిన దొడ్డి ఎట్లు ఊరి చెత్తకు నిలయమగునో, అచ్చటను అట్లే అయ్యెను.

ఆ నగరముననే మన్‌హటన్ ద్వీపపు దక్షిణభాగమున బవరీ, హౌస్టన్ అను రెండు వీధులు కలియు మూల అట్టి స్థల మొకటి యుండెను. సమీపమున నివసించు లిజ్ క్రిస్టీ యను చిత్రకారిణియు, ఆమె ఇరుగుపొరుగువారును ‘గ్రీన్ గెరిల్లాలు’ అని పేరు పెట్టుకొని, మొదట చిలిపి పనివలె తోచు కార్య మొకటి చేసిరి. మట్టి, ఎఱువు, విత్తనములు కలిపి ఉండలు కట్టి, కంచెలు వేసిన పాడు స్థలములలోనికి వెలుపలినుండియే విసరుచు వచ్చిరి. పూవులు మొలచినచో మొలచును. పోయినచో పోవునది గుప్పెడు విత్తనములే. కాని విసరిన చేతులకు అంతటితో తృప్తి కలుగలేదు. విత్తిన దానికి నీరు పోయవలెనన్నచో లోనికి పోవలసియుండెను. 1973లో వారు ఆ మూలస్థలములో ప్రవేశించి చెత్త యెత్తివేయుట మొదలిడిరి.

నగరమందలి ఖాళీ స్థలము పొలము వంటిది కాదు. గునపము దింపినచో ఇటుక తగులును. అంతకంటె ప్రమాదకరమైనది కంటికి కనబడదు. పాత ఇండ్ల రంగులలోను, ఆనాటి పెట్రోలు పొగలోను సీసము ఉండెడిది. గోడలు కూలినప్పుడు ఆ రంగు పొడియై మట్టిలో కలిసెను. అట్టి మట్టిలో పెరిగిన ఆకుకూరల కంటుకొను ధూళి పిల్లలకు హానికరము. అందుచే నగర తోటలవారు పాతనేలను త్రవ్వుటకు బదులు, పలకలతో చట్రములు కట్టి, వేఱొకచోటి మంచిమట్టియు కంపోస్టును నింపి, ఎత్తైన మళ్ళు తయారుచేయుదురు. లిజ్ క్రిస్టీ బృందమును క్రొత్తమట్టిని తెచ్చి పఱచి, చుట్టును కంచె వేసి, అట్టి మళ్ళు అరువది ఏర్పఱచి కూరగాయలు నాటిరి. ఏ మొక్క ఆ పొగకు, ఆ ఎండకు, ఆ యిరుకునకు ఓర్చునో తెలియుటకు కొన్ని మళ్ళను పరీక్షలకై కేటాయించిరి. తెలిసికొనిన దానిని ఇతర పేటలవారికి బోధించిరి; మిగిలిన మొక్కలను పంచిరి. ఈ పంచుటవలననే ఒక తోట ఉద్యమమైనది.

అయినను వారు చేసిన పనులలో మిక్కిలి దూరదృష్టి గలది త్రవ్వుట కాదు, నాటుట కాదు. నగరపు గృహనిర్మాణ శాఖవద్దకు పోయి కాగితము సంపాదించుట. 1974 ఏప్రిలులో ఆ శాఖ నెలకొక్క డాలరు అద్దెపై స్థలము వాడుకొనుటకు సమ్మతించెను. డాలరు నామమాత్రమే. కాని ఆ దినము వఱకు వారు ఇతరుల స్థలములో ప్రవేశించినవారు. ఆ దినమునుండి అద్దెదారులు. ఇట్టి తోటలు నగరమంతట వ్యాపించుటతో 1978లో నగరపాలక సంస్థయే ‘గ్రీన్ థంబ్’ అను శాఖను నెలకొల్పి, పేటవారికి స్వల్పపు అద్దెపై స్థలములను ఇచ్చుటకు ఆరంభించెను. నేడు ఆ శాఖ క్రింద ఐదువందలకు పైగా తోటలున్నవి. వీధులలో నిప్పు ఆర్పుటకు ఉంచిన పెద్ద కుళాయిలనుండి, అనుమతి పత్రము పొంది, తోటలవారు నీరు తోడుకొందురు. తలుపును వారమునకు నియమిత గంటలపాటు ప్రజలందఱికిని తెఱచియుంచవలెనను నిబంధన కలదు. ఇది చిన్న నిబంధనగా కనబడును. కాని దీనివలననే పది కుటుంబముల పెరడు కాక, అది ఊరి తోటయగుచున్నది.

కాగితము లేని తోట గతి ఏమగునో అదే ప్రాంతమున ఒకటి చూపినది. ఆడమ్ పర్పుల్ అను పేర ప్రసిద్ధుడైన ఒక విచిత్ర పురుషుడు 1970 దశకపు నడుమ తన ఇంటి వెనుకనున్న శిథిలములలో వలయములు వలయములుగా ఒక తోటను పెంచెను. ఎఱువుకొఱకు సెంట్రల్ పార్కులో బండిగుఱ్ఱముల లద్దెను ఏఱి సైకిలుపై మోసికొనివచ్చెడివాడు. ప్రక్కనున్న ఇండ్లు కూలినకొలది వలయములు పెరిగెను. అది చూడముచ్చటయైన తోటయని చూచిన వారందఱు నొప్పుకొనిరి. దానిని ‘ఏదెను వనము’ అని పిలిచిరి. ఆ స్థలమున పేదలకు ఇండ్లు కట్టవలెనని నగరము నిశ్చయించినప్పుడు, తోటను నడుమ నుంచి చుట్టును ఇండ్లు కట్టవచ్చునని కొందఱు సూచించిరి, సూచన ఫలింపలేదు. 1986 జనవరిలో యంత్రములు వచ్చి దానిని నేలమట్టము చేసెను. ఆ తోట ఒక్కని దీక్షతో పెరిగినది. దానివెనుక పేట యుండెను గాని, పేటవారి సంఘము పేర వ్రాతపూర్వకమైన హక్కు లేకుండెను.

అట్లని కాగితమున్నంతనే భయము తీరదు. స్వచ్ఛంద సేవకుల తోటకు ఒక విపరీత స్వభావము కలదు. ఎవరికిని అక్కఱలేని పాడునేల దొరకినందున అది పుట్టును. పుట్టి పెరిగినకొలది ఆ వీధి శుభ్రమగును, జనులు సాయంకాలము వెలుపల కూర్చుందురు, ఇండ్లకు బేరములు వచ్చును. 2008లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, న్యూయార్కు తోటలు తమ చుట్టును వేయి అడుగుల మేర ఇండ్ల ధరలను పెంచినవనియు, పేద పేటలలో ఆ పెరుగుదల అధికమనియు తేలినది. అనగా కూలి కోరని చేతులు చేసిన పని నేల వెలను పెంచును. వెల పెరిగిన నేలను యజమాని తిరిగి కోరును. తోటవారి శ్రమయే తోటకు శత్రువగుచున్నది. ఈ సంగతి న్యూయార్కు వారికి 1990 దశకము చివరిభాగమున తెలిసివచ్చినది.

1999లో ఆనాటి మేయరు రుడాల్ఫ్ జూలియాని ప్రభుత్వము నూరుకు పైగా తోటల స్థలములను వేలమునకు పెట్టెను. వేలమునకు ముందు దినమున, ప్రజాభూమి సంరక్షణ సంస్థ యొకటియు, నటీమణి బెట్ మిడ్లర్ స్థాపించిన పునరుద్ధరణ సంస్థయు కలసి సుమారు 42 లక్షల డాలర్లకు వానిని కొని రక్షించినవి. ఇరువదియేండ్ల క్రిందట ఎవరును చూడనొల్లని నేలలవి. మఱుసటి సంవత్సరము ఫిబ్రవరిలో, స్పానిషు భాషలో ‘ఆశ’ అని యర్థమిచ్చు ఎస్పెరాంజా యను తోటవద్ద పేటవారు, అందును పోర్టోరికో ద్వీపమునుండి వచ్చి స్థిరపడినవారు, ఆ ద్వీపపు చిన్న కప్పను పోలిన పెద్ద బొమ్మను కట్టి అందులో రేయింబవళ్ళు కావలి యుండిరి. కొందఱు గొలుసులతో తమను కట్టుకొనిరి. పోలీసులు వారిని తొలగించిరి, తోట కూలెను. మిగిలిన తోటల జోలికి పోరాదని న్యాయస్థానము ఉత్తరువు చేసినది ఆ దినముననే. ఎస్పెరాంజాకు మాత్రము అది కొన్ని గంటలు ఆలస్యమైనది. 2002లో తర్వాతి మేయరు కాలమున రాజీ కుదిరెను. అనేక తోటలు ఉద్యానవన శాఖకును, భూసంరక్షణ సంస్థలకును చెందెను. కొన్ని గృహనిర్మాణమునకు విడువబడెను. మిగిలినవానిలో నిర్మాణము తలపెట్టినప్పుడు ముందుగా విచారణ జరుపవలెననియు, సమీపమున వేఱొక ఖాళీ స్థలమున్నచో తోటవారికి చూపవలెననియు నిర్ణయించిరి.

ఇందు ఒక మాట న్యాయముగా చెప్పవలసియున్నది. తోటను కూల్చినవారందఱు దుర్మార్గులు, నిలిపినవారందఱు సజ్జనులు అని కథ చెప్పుట సులభము. కాని నిజము అంత సులభము కాదు. ఇల్లు లేని కుటుంబమునకు వంగమొక్కకంటె కప్పు ముఖ్యము. ఆడమ్ పర్పుల్ తోట పోయినచోట వెలసినవి పేదల నివాసములే. ఇట్టి తగవులో తోటవారు నెగ్గినప్పుడెల్ల నెగ్గినది తోట అందముచేత కాదు. తమ తోట ఊరిలో ఎందఱిదో చూపగలిగినందున. ఆదివారము నలుగురు స్నేహితులు మాత్రమే తలుపు తీసి కూర్చుండు తోటను కాపాడుమని ఏ పంచాయతీ నడుగుట?

ఇక గ్రంథాలయపు ప్రక్క స్థలము సంగతి. పోరంబోకు అనగానే ఎవరిదియు కాని నేల యని తలంచుట పరిపాటి. ఆ తలంపు పొరపాటు. గ్రామ పోరంబోకులలో కొన్ని పంచాయతీ యధీనమున, కొన్ని రెవిన్యూ శాఖ యధీనమున నుండును. మొట్టమొదట ఇది ఎవరిదో అడిగి తెలిసికొని, సంఘము పేర వ్రాతమూలమైన అనుమతి పొందవలెను. ఎన్ని సంవత్సరములకు? తిరిగి కావలసినచో ఎన్ని నెలల ముందు తెలుపుదురు? నాటిన చెట్ల ఫలము ఎవరిది? సర్పంచి మంచివాడు, అడుగవలసిన పని లేదని కొందఱు అందురు. సర్పంచి మంచివాడైనప్పుడే అడుగవలెను; నేలకు వెల లేనప్పుడే అడుగవలెను. రోడ్డు వెడల్పై, ఎదుట అంగళ్ళు లేచిన తరువాత ఆ మాట అడిగినను వినువారుండరు.

రెండవది నీరు. ఇది లెక్కకు లొంగు విషయము గనుక లెక్క వేసికొనుట మంచిది. ఒక సెంటు నేల సుమారు 40 చదరపు మీటర్లు. వేసవిలో కూరమళ్ళు దినమునకు సుమారు 5 మిల్లీమీటర్ల నీటిని త్రాగును. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు నీరనగా ఒక లీటరు. కావున సెంటుకు దినమునకు 200 లీటర్లు. 15 లీటర్ల బిందెలతో పదమూడు బిందెలు. ఐదు సెంట్ల తోటకు అరువదియేడు బిందెలు. ఉత్సాహముతో ఉగాదికి తోట మొదలిడువారు వైశాఖమాసమున ఈ అరువదియేడు బిందెలను జ్ఞాపకముంచుకొనవలెను. అప్పుడు చదువుకొను పిల్లలు మేనమామల ఊళ్ళకు పోవుదురు, బోర్లలో నీరు అడుగంటును, వాగ్దానము చేసినవారికి పెండ్లిళ్ళుండును. అందుచే మృగశిర కార్తెలో మొదలిడుట మేలు. మొదటి సంవత్సరము రెండు సెంట్లకు మించరాదు. రాలిన ఆకులు, వరిగడ్డి మొక్కల మొదళ్ళలో కప్పినచో నీటి ఖర్చు కొంత తగ్గును. మునగ, కరివేప వంటివి ఒకసారి వేరూనిన పిమ్మట ఒకనాడు మఱచినను క్షమించును, తోటకూర క్షమింపదు.

మేకల మాట వేఱుగ చెప్పనక్కఱలేదు. ముండ్లకంప కంచె ఒక వేసవికి చీకిపోవును. మొదటి చందా కంచెకే పెట్టవలెను.

మూడవది వంతు. పారలు పట్టుకొని ఛాయాచిత్రము తీయించుకొనిన దినమున ఏబదిమంది యుందురు; మూడవ నెలలో ఏడుగురు. ఇది ఏ దేశమునందైనను సమానమే గనుక చింతింపవలసినది లేదు. ఆ ఏడుగురిని లెక్కలో నుంచుకొని తోట పరిమాణము నిర్ణయించినచో తోట నిలుచును. ఏబదిమందిని చూచి నిర్ణయించినచో పల్లేరు మొలచును. ఎవరి మడి వారు చూచుకొందురు. నడకదారి ఊడ్చునదెవరు, కుళాయి వాషరు మార్చునదెవరు అనుచోట తగవులు వచ్చును. గ్రంథాలయపు నోటీసుపలకపై వారముల వారీగా పేర్లు వ్రాయించి, రాలేనివారు తమకు బదులు ఒకరిని పంపవలెనను ఏర్పాటు చేసినచో మొగమాటము తగ్గును. పండిన దానిని ఎవరు కోయవలెనో నాటకమునుపే తేల్చుకొనవలెను. మడికొక కుటుంబమా, అంతయు ఉమ్మడియా, బడి మధ్యాహ్న భోజనమునకు ఇచ్చుటయా? ఏదైనను సరే, కాయ కాయకముందు తేలినచో స్నేహములు మిగులును.

ఊరివారందఱు అనునప్పుడు ఏ ఏ పేటలవారు ఆ మాటలో ఇముడుదురో కూడ చూచుకొనవలెను. తాళపుచెవి ఒక్క వీధిలోనే యుండరాదు. ఊరి నడుమనున్న గ్రంథాలయమునకు వచ్చి పత్రిక చదువుటకు వెనుకటి తరమున ఎవరెవరు సంకోచించిరో వృద్ధులకు తెలియును. తోటపని చేతగలవారిలో అధికులు ఆ సంకోచించినవారి బిడ్డలే. మట్టి వాసన చూచి తడి చెప్పగల కూలివారు. వారిని త్రవ్వుటకు పిలిచి, నిర్ణయించుటకు పిలువకుండుట ఆ తోటకు తొలి తెగులు.

లిజ్ క్రిస్టీ 1985లో మరణించెను. ఆమె తోటకు ఆమె పేరు పెట్టబడినది మఱుసటి సంవత్సరము. ఆ పేరు పెట్టునాటికే తోట ఆమె లేక నడచుచుండెను. బవరీ వీధిలో నేడు స్థలము వెల ఆకాశమునంటుచున్నది. ప్రక్కనే ఎత్తైన భవనములు లేచినవి. కంచెలోపల ఒక చిన్న కొలనులో తాబేళ్ళున్నవి, ద్రాక్షపందిరి యున్నది. మొదట కూరమళ్ళకొఱకు తెచ్చిన మట్టిలో నాటిన మెటాసెక్వోయా వృక్షము ఒకటి చుట్టునున్న చెట్లను దాటి పెరిగినది. తలుపు తీయువారు నేటికిని జీతము లేనివారే.